బావ చేతి మాత్ర

లింబాయత్, సూరత్.

పూజ్యురాలైన సులోచనక్కకు నమస్కారములు.

మన శ్రీహరి ఆసుపత్రి నుండి ఇంటికి చేరాడు. మెదడు పొరలకు పట్టిన ఫంగస్ ఇంకా పూర్తిగా పోలేదు. తెలివి తప్పకముందే తీసుకురావడం మేలు చేసిందనీ, ఇకపై షుగరు అదుపులో ఉండాలనీ, నెలల తరబడి మాత్రలు మానకూడదనీ డాక్టరు గారు చెప్పారు. వాడిని తీసుకువెళ్లినది నేను. ఇదంతా వాడికి విడమరచి చెప్పినదీ నేనే. వాడేమో, "అన్నా, నువ్వు గోలి ఇస్తే పరీక్షకు కూసున్నట్టుంటది. బావనే ఇయ్యమను" అని మొహం తిప్పుకున్నాడు. బావ వచ్చి, "మింగుతవా బామ్మర్దీ, మీ అక్కకు ఫోన్ కొట్టాల్నా?" అనగానే నవ్వుతూ మింగాడు. రాత్రి బడిలో చదివి డిగ్రీ సాధించిన నాకు అది చూసి కడుపు మండింది.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? ఇంట్లో దంచిన పసుపు కొంచెం పంపించు.

బావ వచ్చే వారం బయలుదేరతానంటున్నారు. ఆయన వెళితే వీడు మందు మానేస్తాడు. నా చేతి మాత్ర కూడా మింగే దాకా ఆయనను ఉండమని నువ్వే చెప్పు. ఫోనులో అడిగితే పక్కనుండి వింటారని కార్డు వ్రాస్తున్నాను. పిల్లలకు నా ఆశీస్సులు. నేను అడిగినట్లు మాత్రం బావకు తెలియనివ్వకు.

నీ తమ్ముడు,
రాజమల్లు, బి.ఏ.