కండెల రాట్నం చప్పుడు

అత్తమ్మకు దండాలు. ఫోన్‌లో చెబితే సగం విని ఏడుస్తారని కార్డు రాస్తున్నాను. మీ కొడుకు బాగున్నాడు.

ఇక్కడ డిండోలి పేటలో మేం మారిన ఈ కొత్త గది మగ్గాలకు దూరం. "చప్పుడు లేకపోతే నిద్రెట్ల వస్తదే?" అని ఒకటే దొర్లేవాడు. కార్ఖానాలో ఒకతను తన నిద్రగోలీ ఇస్తే వేసుకున్నాడు. నిద్ర పట్టింది కానీ, మర్నాటికీ మత్తు దిగక నడుస్తున్న మగ్గంలో చెయ్యి పెట్టబోయాడు. పక్కవాళ్లు లాగారు, చెయ్యి భద్రంగా ఉంది. తీసుకెళ్లి చూపిస్తే, ఒకరికి రాసిన గోలీ ఇంకొకరు మింగడమేమిటని డాక్టరు బాగా తిట్టాడు.

నిన్న మంచం పక్కనే నేను కుట్టుమిషను తొక్కుతుంటే హాయిగా గురక పెట్టాడు!

మీరూ పక్కింటి భూదేవమ్మ నిద్రగోలీలు అడిగి వేసుకుంటున్నారని ఆడబిడ్డ హరిణి చెప్పింది. వద్దత్తమ్మా, మత్తులో లేచి తూలి పడతారు. డాక్టరుకు చూపించుకోండి. మోకాళ్ల నూనె అందిందా?

"చిన్నప్పుడు అమ్మ మగ్గానికి నూలు కండెలు చుడుతుంటే, ఆ రాట్నం చప్పుడుకే పండుకునేటోన్ని" అన్నాడాయన పొద్దున లేచి. అటక మీది రాట్నం దింపించి కాసేపు తిప్పండి. హరిణితో ఫోన్‌లో రికార్డు చేయించి పంపండి. వేరే దీవెనలు అక్కర్లేదు, ఆ చప్పుడు చాలు.

మీ కోడలు
సింధూజ