ట్రెవెల్లిన్‌లో పోయిన నిమిషాలు

కార్డిఫ్
అక్టోబరు 4, 1999

ప్రియమైన ఇద్వాల్‌కి,

నిన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడినవన్నీ కలిపితే పన్నెండు మాటలు. అందులో "సరే, ఉంటాను" అన్నది రెండుసార్లు. ఫోన్ పట్టుకుంటే నీకు పళ్ల డాక్టరు ముందు కూర్చున్నట్టే ఉంటుంది కాబోలు. పైగా ఇక్కడ ఫోన్ ఉండేది మా ఇంటావిడ మిసెస్ ట్రహర్న్ వంటగది గుమ్మంలో. నేను మాట్లాడుతుంటే ఆవిడ గిన్నెలు తోమడం ఆపేస్తుంది. అందుకే ఉత్తరం.

అబర్‌కెల్ స్టేషన్లో నా టికెట్ల కిటికీ మూసేసి, నన్ను ఇక్కడికి పంపి రెండేళ్లవుతోంది. అయినా నేనేం పని చేస్తానని ఎవరైనా అడిగితే "ఆఫీసులో ఏదో" అంటున్నావట. మీ చెల్లెలు చెప్పింది. ఈసారి సరిగ్గా చెప్పు. ప్రతి ప్యాసింజరు బండీ చివరి స్టేషనుకి ఎన్నింటికి చేరిందో చూస్తాం. ఐదు నిమిషాల లోపు తేడా అయితే సమయానికి వచ్చినట్టు. దాటితే ఆలస్యం. బండి అసలు నడవకపోతే అదింకా పెద్ద మచ్చ. దారిలో ఎక్కడ నిమిషాలు పోయినా, ఎందుకు పోయాయో ఎవరో ఒకరు కారణం రాయాలి. మీ లైనుకి రాసేది నేనే. నాలుగు వారాలకోసారి మా పెద్దాయన పార్ఫిట్ ఒక్కో లైనుకీ నూటికి ఎన్ని బళ్లు సమయానికి నడిచాయో గోడ మీద అంటిస్తాడు. మన లైను ఈసారి ఎనభై నాలుగు. అన్నిటికంటే అడుగున.

నువ్వు గార్డుగా వెళ్లే పొద్దుటి 6.52 బండిని రోజూ తెర మీద చూస్తాను. నువ్వు టీ తాగావో లేదో తెలియదు గాని, ఎక్కడున్నావో మాత్రం నిమిషంతో సహా తెలుసు. చెబితే నవ్వుతావు, పొద్దున్నే నువ్వు బయల్దేరినట్టు కనబడితే గాని నేను కోటు విప్పను.

ఇంతకీ అడగాల్సింది. సెప్టెంబరు మధ్య నుంచి నీ బండి జంక్షనుకి ఆరేడు నిమిషాలు ఆలస్యంగా చేరుతోంది. స్టేషనుకో నిమిషం చొప్పున పోతోంది, ట్రెవెల్లిన్‌లో అయితే రెండు. ఇరవై రెండేళ్లలో నీ వల్ల బండి ఆగిందని ఎవరూ అనలేదు. ఏమైంది? కారణం నువ్వు చెప్పు, నేను రాస్తాను.

మెడకి మఫ్లరు చుట్టుకో. మేకుకి కాదు.

నీ
నెస్టా

అబర్‌కెల్
అక్టోబరు 10

నా నెస్టాకి,

మఫ్లరు మెడకే ఉంది. మేకు ఖాళీగా ఉంది, కావాలంటే మా చెల్లెల్ని అడుగు, గూఢచారి ఉద్యోగం ఎలాగూ చేస్తోందిగా.

పెరట్లో లీకు ఉల్లి మొక్కలు బాగా వచ్చాయి. ఆదివారం మాంసం వేసి చారు పెట్టాను. నీ చేతి చారులా లేదు గాని పిల్లి ఏమీ అనలేదు.

నిమిషాల సంగతి అడిగావు. నువ్వు కొలిచే తెర మీద గొర్రెలు కనబడవు కదా. పోయిన మంగళవారం పదిహేను గొర్రెలు పట్టాల మీద సభ పెట్టాయి. మా డ్రైవరు గెథిన్ దిగి బతిమాలాడు. ఆకులు రాలి పట్టాలు జారుతున్నాయి, అదొకటి. ఇక ట్రెవెల్లిన్ అంటావా, అక్కడ లౌరీ ఎక్కుతుంది. గ్రంథాలయంలో పనిచేసే పిల్ల, చక్రాల కుర్చీ. ర్యాంపు తీసి వెయ్యాలి, ఆమె ఎక్కాలి, మళ్లీ మడవాలి. టైమ్‌టేబుల్లో ఇచ్చింది అర నిమిషం. ర్యాంపు అని రాసెయ్యి. ఎవరూ తప్పు పట్టరు.

గెథిన్ నిన్ను అడిగానని చెప్పమన్నాడు. "ఆవిడ అక్కడ కూర్చుని మనల్ని చూస్తోందంటే నాకు షేవింగ్ చేసుకుని రావాలనిపిస్తోంది బాస్" అన్నాడు.

నవంబరులో నీ సెలవు పోయిందన్నావు. క్రిస్మస్‌కైనా వస్తావుగా?

దుప్పటి సగం ఖాళీగా ఉన్న
ఇద్వాల్

కార్డిఫ్
నవంబరు 14

ప్రియమైన ఇద్వాల్‌కి,

ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్లీ మొదలుపెట్టాను.

నువ్వు చెప్పినట్టే రాశాను. ట్రెవెల్లిన్‌లో పోయిన ప్రతి నిమిషానికీ ఎదురుగా "చక్రాల కుర్చీ, ర్యాంపు" అని. పంతొమ్మిది రోజులు. పార్ఫిట్ ఆ పంతొమ్మిదీ కలిపి చూసి కిందటి వారం సమావేశంలో ఏమన్నాడో తెలుసా? "ఒక్క మనిషి కోసం తొంభై మందికి జంక్షన్లో తర్వాతి బండి తప్పిపోతోంది. జనవరి నుంచి 6.52 ట్రెవెల్లిన్‌లో ఆగక్కర్లేదు. గోడ మీది అంకె దానంతటదే లేస్తుంది." అందరూ తలలూపారు. నేను కూడా. ఊపకుండా ఏం చెయ్యాలో తోచలేదు.

కారణంతో సహా స్టేషన్లో నోటీసు పెట్టారట. శుక్రవారం లౌరీ నుంచి ఉత్తరం వచ్చింది. ఆఫీసుకి రాసింది, నా బల్ల మీదికే చేరింది. ఇదీ ఆమె మాట: "నన్ను ఎక్కించడానికి యాభై సెకన్లు పడుతుంది. చాలాసార్లు లెక్కపెట్టాను, ఎందుకంటే ఆ యాభై సెకన్లూ బండిలో వాళ్లంతా నన్నే చూస్తుంటారు. అక్టోబరు చివరి రెండు వారాలు నేను మా అక్క దగ్గరున్నాను, బండే ఎక్కలేదు. ఆ రోజులు కూడా నా పేరు మీదే రాశారా?"

రాశాను, ఇద్వాల్. తొమ్మిది రోజులు, అసలు బండిలోనే లేని అమ్మాయి మీద రాశాను.

ఆదివారమంతా సెప్టెంబరు నుంచి ఉన్న కాగితాలు మంచం మీద పరుచుకుని కూర్చున్నాను. గొర్రెలు ఒక్కరోజే. ఆకులైతే డ్రైవరుకి కష్టం, స్టేషన్లో నిలబడ్డ బండికి కాదు. నీ నిమిషాలన్నీ ప్లాట్‌ఫారాల దగ్గరే పోతున్నాయి. చీకటి పొద్దుల్లో పోతున్నాయి, వాన పడితే ఇంకా ఎక్కువ. మధ్యాహ్నం తిరుగు బండిలో ఒక్కటీ పోవడం లేదు. వంపు తిరిగి ఉండేది ట్రెవెల్లిన్ ప్లాట్‌ఫారమే కదా? దాని చివర దీపం కూడా లేదు.

నాకేదో అర్థమవుతోంది. అయితే ఆ మాట కాగితాలు చెబితే వినను. నువ్వు చెప్పు.

నీ
నెస్టా

అబర్‌కెల్
నవంబరు 21

నెస్టాకి,

నా బండిని మంచం మీద పరిచి చూడ్డానికి నీకు ఆదివారాలు ఎక్కువయ్యాయి. ఇరవై రెండేళ్లుగా గార్డుని. తలుపులు ఎప్పుడు వెయ్యాలో నాకు తెలుసు. లౌరీ సంగతికి బాధపడుతున్నాను, పార్ఫిట్‌కి నేనే రాస్తాను.

పిల్లి బాగుంది. చలి ఎక్కువైంది.

ఇద్వాల్

కార్డిఫ్
డిసెంబరు 9

నా ప్రియమైన ఇద్వాల్‌కి,

నువ్వు పార్ఫిట్‌కి రాయలేదు. దాదాపు మూడు వారాలు ఎదురుచూశాను.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని చదువు. నిన్న పొద్దున నేను నీ బండిలో ఉన్నాను. మంగళవారం సాయంత్రం వచ్చి, అబర్‌కెల్ తర్వాతి ఊళ్లో గది తీసుకుని పడుకున్నాను. ఇంటికి ఆరు మైళ్ల దూరంలో పరాయి మంచం మీద. ఆఫీసు వాన కోటు, టోపీ, ఒడిలో లెక్కల అట్ట, చేతిలో స్టాప్‌వాచీ. బండి లోపల నుంచి కొలవడానికి అప్పుడప్పుడు మా వాళ్లు వెళ్తుంటారు, ఈసారి నేను వెళ్తానని అడిగాను. నువ్వు నన్ను చూడగానే "ఇదేం వేషం?" అని నవ్వుతావనుకున్నాను. అప్పుడు ఇద్దరం మాట్లాడుకోవచ్చనుకున్నాను.

స్టేషన్లో నిన్ను చూశాను. తలుపులు వేశాక నువ్వు బండి పొడవునా నడిచావు, ఒక్కో తలుపునీ చేత్తో తడిమావు. చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, అప్పుడు బయల్దేరమని డ్రైవరుకి గంట కొట్టావు. తక్కిన గార్డులు నిలబడ్డ చోటి నుంచే చూసి కొడతారు.

తర్వాత టికెట్లకి వచ్చావు. నా ముందు ఆగావు. నా మొహంలోకే చూశావు. "టికెట్టమ్మా" అన్నావు. ఇచ్చాను. చిల్లు కొట్టి, "జంక్షన్లో మెట్లు జారుతున్నాయి, జాగ్రత్త" అని ముందుకి వెళ్లిపోయావు.

ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి నన్ను చూసి "అమ్మా" అని వెళ్లిపోతే, నేను పేరు పెట్టి కూడా పిలవలేదు. ట్రెవెల్లిన్‌లో బండి మూడు నిమిషాలు ఆగింది. అట్ట మీద అది రాశాను. అది తప్ప నేను చెయ్యగలిగింది కనిపించలేదు.

జంక్షన్ నుంచి నేరుగా ఆఫీసుకెళ్లి పార్ఫిట్‌కి చెప్పాను. నా తప్పు మాత్రమే చెప్పాను. "పంతొమ్మిది కారణాలు నేను విచారించకుండా రాశాను. లౌరీకి దాంతో సంబంధం లేదు" అన్నాను. ఆయన పెన్నుకి మూత పెట్టాడు. "మరి ఎవరికుంది నెస్టా?" అన్నాడు. "వచ్చే బుధవారం దాకా సమయమివ్వండి" అన్నాను. నాకు రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చి, మీ లైను నా చేతిలోంచి తీసేశాడు. కోపంగా కాదు. పొద్దున బండి ట్రెవెల్లిన్‌లో ఆగే విషయం మళ్లీ చూస్తానన్నాడు.

ఇద్వాల్, నీకు కనబడడం లేదు. నువ్వు జాగ్రత్తపడుతున్నావని నాకు తెలుసు, కళ్లారా చూశాను. కానీ ఒకరోజు చెయ్యి తడమని తలుపు ఒకటి ఉంటుంది. డిపోకి వెళ్లి చెప్పు. బుధవారం దాటితే నేను చెప్పాల్సి వస్తుంది. చెబుతాను కూడా. ఆ తర్వాత నువ్వు నాతో మాట్లాడకపోయినా చెబుతాను.

ఎప్పటికీ నీ
నెస్టా

అబర్‌కెల్
డిసెంబరు 11

నెస్టా, నా నెస్టా,

నీ ఉత్తరం పొద్దున వచ్చింది. భూతద్దం పెట్టుకుని చదివాను, ఇక దాచేదేముంది?

ముందు ఈ ఒక్క సంగతి తెలుసుకో. బుధవారం మధ్యాహ్నం రెండున్నరకే నేను డిపోలో ఈల, జెండా, టికెట్ల మిషను బల్ల మీద పెట్టేశాను. నువ్వు ఉత్తరం మొదలుపెట్టక ముందే. కావాలంటే రిజిస్టరు చూడు, కొలిచేదానివి నువ్వేగా.

నిన్ను నేను గుర్తుపట్టాను.

మొహం చూసి కాదు. చీకటి పొద్దుల్లో మొహాలన్నీ నాకు ఆవిరి పట్టిన అద్దంలా ఉంటాయి. టికెట్టు తీసుకునేటప్పుడు నీ వేళ్లు తగిలాయి. ఆగస్టులో కూడా చల్లగా ఉండే వేళ్లు ఈ వేల్స్ దేశం మొత్తంలో ఒక్క మనిషివే. నువ్వు మాట్లాడతావని నిలబడ్డాను. మాట్లాడలేదు. ఒడిలో అట్ట ఉందని, చేతిలో వాచీ ఉందని తోచింది. నన్ను పరీక్షించడానికి వచ్చావనుకున్నాను, పట్టుబడిపోయానని సిగ్గేసింది. అందుకే ఆ "అమ్మా". మెట్లు జారుతున్నాయని ఇంకెవరికీ చెప్పలేదు ఆ పొద్దున. నీ బూట్ల సంగతి నాకు తెలియదా?

వెనక పెట్టెలోకి వెళ్లి తలుపేసుకున్నాను. ట్రెవెల్లిన్‌లో మూడు నిమిషాలు అన్నావు కదా. లౌరీని ఎక్కించడానికి యాభై సెకన్లు, నడిచి తలుపులు తడమడానికి నిమిషమున్నర. తక్కిన నలభై సెకన్లు గంట కొట్టే తాడు పట్టుకుని నిలబడ్డాను, లాగలేకపోయాను. లౌరీ చూసింది. "ఇద్వాల్ గారూ, ఒంట్లో బాలేదా?" అంది. నా అబద్ధం వల్ల ఏ పిల్ల బండి పోతోందో, ఆ పిల్లే నన్ను అడిగింది. అప్పుడే నిర్ణయించుకున్నాను.

సెప్టెంబరులో జరిగింది కూడా చెప్పేస్తాను. ఒకావిడ సంచి పట్టీ తలుపులో ఇరుక్కుంటే నాకు కనబడలేదు, గంట కొట్టేశాను. గెథిన్ అద్దంలో చూసి ఆపాడు. నాలుగడుగులు ఈడ్చుకుపోయింది బండి ఆమెని. ఏమీ కాలేదు. ఆవిడే నాకు క్షమాపణ చెప్పింది. అప్పటినుంచి ప్రతి తలుపూ తడుముతున్నాను. బండి ఆలస్యమైతే అవనీ అనుకున్నాను.

డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదంటావు. మా నాన్నకి 1958లో కంట్లో శుక్లం తీశారు. చీము పట్టి ఆ కన్ను పోయింది. పదకొండేళ్ల వాణ్ని, పట్టీ విప్పినప్పుడు పక్కనే ఉన్నాను. నీకెప్పుడూ చెప్పలేదు. నిన్న డిపో డాక్టరు పంపితే ఊళ్లో కళ్ల డాక్టరమ్మ దగ్గరికెళ్లాను. చిన్న వయసే. "రెండు కళ్లలోనూ శుక్లాలు, అంతే. ఇన్నాళ్లు ఎందుకు ఆగారు?" అంది. నాన్న సంగతి చెప్పాను. నవ్వలేదు. "అప్పటికీ ఇప్పటికీ చాలా మారింది, అయినా మీ భయం అర్థమైంది" అంది. జనవరి ఇరవైన మొదటి కన్ను. చూపు సరిగ్గా వస్తే మళ్లీ పరీక్ష పెట్టి బండి ఇస్తారో ఇవ్వరో చూడాలి. ఇస్తారని డిపోలో ఎవరూ మాటివ్వలేదు.

లౌరీకి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. చాలాసేపు తిట్టింది. బాగా తిట్టింది, చదువుకున్న పిల్ల కదా. చివర్లో నోటీసు తీసేశారని చెప్పింది.

గురు, శుక్రవారాల్లో 6.52 కొత్త గార్డుతో సమయానికే జంక్షన్ చేరిందట. గెథిన్ వచ్చి చెప్పాడు. సంతోషమే అన్నాను గాని కాస్త గుచ్చుకుంది.

నీకు హెచ్చరిక వచ్చింది నా వల్ల. దానికి ఏం రాయాలో తెలియడం లేదు. వచ్చాక తిట్టు.

ఆపరేషన్ రోజుకి రా. మర్నాడు పట్టీ విప్పేటప్పుడు పక్కనుండు. నాకు భయంగా ఉంది నెస్టా, చాలా భయంగా ఉంది.

నీ
ఇద్వాల్