పీత కాళ్ళు

అమ్మడూ,

చంద్రుడి మీదికి పంపే తొలి వాహనానికి, అందులో మనుషులు లేకపోయినా, నేను గీసిన ఎడంగా చాచిన కాళ్ళే పెట్టిస్తానని మీ నాన్న మాటిచ్చాడు. తీరా సమావేశంలో "ఏం బావా, పీతని పంపిద్దామా?" అని అందరినీ నవ్వించి, ఇరుకు కాళ్ళు పెట్టించాడు. వాహనం దిగుతూనే బోర్లా పడింది. నెపం చంద్రుడి దుమ్ము మీదికి నెట్టారు.

నిన్న నువ్వెక్కిన వాహనం చంద్రుడి మీద దిగుతుంటే, దాని కాలొకటి గుంటలో పడి ఒరిగేసరికి నా పైప్రాణాలు పైనే పోయాయి. "మామయ్యా, నీ పీత నిలబడింది!" అని నువ్వు అక్కణ్ణుంచి అరిచాకే కుర్చీలో కూలబడ్డాను. నా కాళ్ళే పెట్టించావని అప్పుడే తెలిసింది.

హమ్మయ్య! క్షేమంగా తిరిగి రా. దుమ్ము, పాపం, ఏం చేసింది? ఆ తొలి వాహనాన్ని పడగొట్టింది మీ నాన్నే.

మామయ్య