మైక్రోస్కోపుకి సూతకం

పిఠాపురం,
12-9-1998

శ్రీసత్య గారికి,

నా భార్య స్థానంలో సైన్సు చెప్పడానికి వచ్చిన మీకు నా వల్ల ఇబ్బంది కలిగింది. గత ఆదివారం ఇంద్రజ, మరో ఇద్దరు ఆడపిల్లలు సీసాలో రొయ్యల చెరువు నీళ్లు పట్టుకుని, ఆవిడ మైక్రోస్కోపులో చూస్తామని మా ఇంటికి వచ్చారు. ఆవిడ వస్తువులు ఇంకెవరూ ముట్టుకోవడం నాకిష్టం లేదు. ఆ మాట అనలేక, "ఏటి సూతకం ఉందమ్మా, సంవత్సరీకం అయ్యాక రండి" అన్నాను.

"మైక్రోస్కోపుకి కూడా సూతకం ఉంటుందాండి?" అంది ఇంద్రజ.

అలా అడగడం నేర్పింది ఆవిడే. నేను ఎదురు ప్రశ్నలేంటని కసిరాను. అప్పటినుంచి ఆ పిల్ల క్లాసులో నోరు విప్పడం లేదని మీరు రాశారు.

సోమవారం మైక్రోస్కోపు తెచ్చి మీ క్లాసులో పెడతాను. ఇంద్రజను ఆ ప్రశ్న అందరి ముందూ మళ్లీ అడగమనండి. నేను జవాబు చెప్పాలి.

మీ ముందరి టీచరుగారి భర్త