ఎకరం ఇరవై సెంట్లు

బావా,

నేనే, కోటేశ్వరిని. నువ్వు పోయి మొన్న శుక్రవారానికి తొమ్మిది నెలలు నిండాయి. ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కదా ఉత్తరంలో... రాశాననుకో.

నీ మీద కోపంగా ఉంది. ముందే చెబుతున్నాను. ఉన్నప్పుడు ఒక్క మాట అంటే చాలు, కండువా దులిపి భుజాన వేసుకుని చేలోకి వెళ్లిపోయేవాడివి. ఇప్పుడు ఎక్కడికి వెళ్తావు? కూర్చుని విను.

హారిక ఇంటర్ పాసైంది. నీ పెద్దకర్మ అయిన వారానికే మొదటి పరీక్ష. కళ్లు వాచిపోయి ఉన్నా వెళ్లి రాసింది. జువాలజీలో గుండె బొమ్మ వేసి భాగాలు గుర్తించమని అడిగారట. అన్నీ గుర్తించానమ్మా అంది ఇంటికొచ్చి. నేను అన్నం పెట్టాను.

నీ గుండె సంగతి మాత్రం మనం గుర్తించలేదు. కల్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఛాతీ పట్టుకుని కూలబడ్డావు. "ఘాటు పట్టిందే, కాసిని మంచినీళ్లియ్యి" అన్నావు. నేనూ ఘాటే అనుకున్నాను. కల్లాల రోజుల్లో ఛాతీ మండిందంటే మన దగ్గర ఎవరు పట్టించుకుంటారు? చెంబుతో నీళ్లు తెచ్చేసరికి నువ్వు కాయల మీదే ఒరిగిపోయి ఉన్నావు. ఆ చెంబు ఇప్పటికీ వాడుతూనే ఉన్నాను.

సరే, ఆ సంగతి వద్దు. నేను చెప్పాలనుకున్నది వేరు.

నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది గుర్తుందా? పూత పూసింది పూసినట్టే రాలిపోతుంటే, కవర్లో నాలుగు ఆకులు వేసుకుని పురుగుమందుల షాపుకి వెళ్లావు. షాపాయన ఆకు వంకైనా చూడలేదు, వెనకనుంచి మూడు డబ్బాలు తీసి బల్ల మీద పెట్టాడు. మూడూ కొట్టాం. పురుగు పోలేదు, చేను పోయింది. ఆ సాయంత్రం హారికని పక్కన కూర్చోబెట్టుకున్నావు. "నువ్వు ఏజీ బీయస్సీ చదవాలమ్మా. ఆకు చూసి అది పురుగో తెగులో చెప్పే మనిషి మనింట్లో ఒకళ్లుండాలి" అన్నావు. అప్పుడది ఎనిమిదో తరగతి. ఆ తర్వాత అది ఇంకో చదువు పేరెత్తలేదు.

ఆ సీటుకి ఏమేం కావాలో కూడా నువ్వే కనుక్కొచ్చావు. పోయినేడు దసరా రోజుల్లో, సచివాలయంలో అమ్మాయి చేత యూనివర్సిటీ నోటిఫికేషన్ చదివించుకుని వచ్చి నాకు వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పావు. ఇంటర్ బైపీసీ. ఎంట్రన్సులో ర్యాంకు. పుట్టిన తేదీ, కులం కాగితం, టీసీ. రైతు బిడ్డలకు విడిగా సీట్లున్నాయట. వాటికైతే పిల్ల నాలుగేళ్లయినా పల్లెటూరి బళ్లో చదివుండాలి, తల్లి పేరునో తండ్రి పేరునో ఎకరం భూమి ఉండాలి.

చెబుతూ చెబుతూ నవ్వావు బావా. "ఒక్క ఎకరం చాలంట కోటేశ్వరీ. మనకింకా ఇరవై సెంట్లు మిగిలే ఉంది."

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ చేను ఎవరి పేరున ఉందో నీకు తెలియదా? నాకు తెలియదా? పెద్దబావ గుంటూరులో షాపు పెట్టుకుంటానని తన వాటాలో ఎకరం ఇరవై సెంట్లు మనకి అమ్మి పన్నెండేళ్లయింది. అత్తయ్య ఎదురుగా తాంబూలం మార్చుకున్నారు. కాగితం రాయించుకోమని నేను అన్నాను. ఒకసారి కాదు, ఏడాదికోసారి అన్నాను. "అన్నదమ్ముల మధ్యకి కాగితం వస్తే దాని వెనకాలే ప్లీడరు వస్తాడే" అన్నావు ప్రతిసారీ. ఆ మాట నీకు ఎంత నచ్చిందో, పది మందిలో కూడా చెప్పి నవ్వేవాడివి. అత్తయ్య ఒక్కతే సాక్షి. ఆవిడా పోయింది.

నీ వాటా అప్పులకి ఎప్పుడో పోయింది, మిగతాదంతా మనం చేసింది కౌలే. మనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ ఒక్క చెక్కే. పన్నెండేళ్లు దున్నుకుని తిన్నాక, అది మనది కాదని ఎవరికి గుర్తుంటుంది? ఆ నోటిఫికేషన్ విన్న రోజు నీకూ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. తప్పు నాది కూడా అని ఒప్పుకుంటున్నాను, ఈ ఒక్కసారికి.

హారికకు మంచి ర్యాంకే వచ్చింది. మామూలు సీట్లకి చాలదు గానీ, రైతు బిడ్డల సీట్లకి చాలుతుందని లెక్చరర్లందరూ అన్నారు. కాగితాలు ఒక్కొక్కటీ సంపాదించాం. బళ్లో స్టడీ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు హెడ్‌మాస్టారు నీ గురించి అడిగి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఏడాది తిరక్కుండానే ఆఫీసుల చుట్టూ తిరుగుతోంది అని నా గురించి వీధిలో అనుకున్నారట. అనుకోనీ.

చివరిగా భూమి కాగితం. తాసిల్దారు ఆఫీసుకి వెళ్తే, మన వీఆర్వో, నీతో కలిసి టీ తాగే మనిషే, కంప్యూటర్ తెర నా వైపు తిప్పి చూపించాడు. ఏ చేలో ఎవరు పండిస్తున్నారో రాసే చోట నీ పేరుంది. పట్టాదారు అన్న చోట పెద్దబావ పేరు. యూనివర్సిటీ వాళ్లు పట్టాదారునే చూస్తారమ్మా అన్నాడు. పండించినవాడు రైతు కాదా అని అడిగాను. నాకు తెలుసమ్మా, ఊరందరికీ తెలుసు, కాగితానికి తెలియదు అన్నాడు.

పంట నమోదులో నువ్వు రైతువి. తామర పురుగు తిన్నప్పుడు నువ్వు రైతువి. పిల్లకి సీటు కావలసి వచ్చేసరికి కాకుండా పోయావు. దీనికేమంటావు?

ఆ మధ్యాహ్నమే గుంటూరు బస్సెక్కాను. ఎకరం నా పేరున రాయించమని పెద్దబావని అడిగాను. ఆయన కాదనలేదు. చేను మీదే, నేను తినను, తమ్ముడి సొమ్ము నాకెందుకు అన్నాడు. అని, ఫ్యాను వంక చూశాడు. మా అబ్బాయి తేజా కూడా బైపీసీ కదా, వాడికీ ఏజీ బీయస్సీకే పెడుతున్నాం అన్నాడు.

మిగిలిన పొలమంతా ఆయన ఎప్పుడో అమ్ముకున్నాడు. ఆయన పేరున మిగిలింది మన ఎకరం ఇరవై సెంట్లు ఒక్కటే. తేజా ఐదో తరగతి దాకా అత్తయ్య దగ్గరే ఉండి మన ఊరి బళ్లోనే చదివాడు, ఆ నాలుగేళ్ల లెక్కా వాడికి సరిపోయింది. ఇప్పుడు రాసిచ్చేస్తే మావాడికి పోతుంది, కౌన్సెలింగ్ అయిపోగానే రాసిస్తా కోటేశ్వరీ అన్నాడు. అక్క కాఫీ తెచ్చిపెట్టింది. తాగి వచ్చేశాను. ఆ కాఫీ ఎందుకు తాగానా అని నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇంకోటి విను. కౌన్సెలింగ్‌కి ముందు రోజు తేజా మన హారికకి ఫోన్ చేశాడు. అక్కడ ఏమైనా అడుగుతారేమోనని వాడికి భయం పట్టుకుంది. చేలో ఇప్పుడేముంది, మిరప నారు ఎప్పుడు పోస్తారు, మొక్కకీ మొక్కకీ ఎంత ఎడం... అన్నీ అడిగాడు. ఇది అన్నీ చెప్పింది, నోట్సు చెప్పినట్టు, మధ్యలో ఆగి రాసుకున్నావా అని అడుగుతూ. ఫోన్ పెట్టేశాక నేను తిట్టాను. పాపం వాడు భయపడుతున్నాడమ్మా అంది. అచ్చంగా నీ కూతురు. ఆ మాటే అన్నాను దానితో, మెచ్చుకోలుగా కాదు.

అక్కడ ఎవరూ ఏమీ అడగలేదట. కాగితం చూసి సీటిచ్చారు. వాడి ర్యాంకు మన పిల్ల ర్యాంకుకి చాలా వెనక. ఆ సంగతి హారిక ఇంతవరకు ఎవరి దగ్గరా అనలేదు, నేనే ఊరంతా చెప్పుకొచ్చాను.

మన పిల్ల పేరు ఏ లిస్టులోనూ రాలేదు. ఆ రోజు అది చేలోకి వెళ్లి పొద్దుగూకేదాకా కలుపు తీసింది. నేనూ వెళ్లి పక్క సాలు పట్టుకున్నాను.

సీటొచ్చిందని పెద్దబావ వాళ్లు పెదకాకానిలో పొంగళ్లు పెట్టుకున్నారు. మమ్మల్నీ రమ్మన్నారు. ఏటి మైలలో నేనెక్కడికి వస్తాను అన్నాను. మైల లేకపోతే మాత్రం వెళ్లేదాన్నా?

తర్వాత ఆయన మాట మారింది. మధ్యలో సర్టిఫికెట్లు మళ్లీ చూస్తారట, భూమి లేదని తేలితే సీటు పోతుందట, నాలుగేళ్లు ఓపిక పట్టు అన్నాడు. ఎవరు చెప్పారంటే చెప్పడు. నాలుగేళ్లు! హారిక మళ్లీ రాద్దామంటే వచ్చే ఏడూ ఇదే కథ, ఆ పైయేడూ ఇదే కథ. వాడి చదువయ్యేసరికి దీని వయసు దాటిపోతుంది.

అప్పుడు నేనొక పని చేశాను బావా. నీకు నచ్చదు.

తెల్లకాగితం మీద అర్జీ రాశాను. పదో తరగతి తర్వాత అంత రాయడం అదే. ఆ చేను పన్నెండేళ్లుగా మా స్వాధీనంలో ఉందనీ, అది చూపించి సీటు తెచ్చుకున్న పిల్లవాడి తండ్రి అందులో అడుగు పెట్టి ఎన్నేళ్లయిందో విచారించమనీ. తాసిల్దారు గారికీ, యూనివర్సిటీకీ. పట్టుకుని నేరుగా పెద్దబావ ఇంటికి వెళ్లాను. ఆయన ముందు పెట్టాను. రేపు రాసిస్తావా, ఎల్లుండి నన్ను ఇది ఇవ్వమంటావా అన్నాను. ఈసారి కాఫీ ఎవరూ ఇవ్వలేదు.

ఆయన రెండుసార్లు చదివాడు. తమ్ముడుంటే ఇట్టా చేసేవాడా అన్నాడు. చేసేవాడు కాదు, అందుకే నేను రావలసి వచ్చింది అన్నాను.

ఆ అర్జీ నిజంగా ఇచ్చేదాన్నా? తేజాని ఈ చేతులతో ఎత్తుకుని తిప్పాను. వాడి సీటు పోయినా అది మన పిల్లకి రాదు, ఆ సంగతి హారిక నన్ను గుంటూరు బస్సెక్కిస్తూ బస్టాండులోనే చెప్పింది. ఇచ్చేదాన్నో లేదో నాకే తెలియదు బావా... నువ్వైతే ఏమనేవాడివి? ప్లీడరు మాటే కదా మళ్లీ?

మూడో రోజున రిజిస్ట్రారాఫీసుకి వచ్చాడు. సంతకం పెట్టాడు, వేలిముద్ర వేశాడు. మెట్లు దిగుతూ, ఇక మీకూ మాకూ చెల్లు అన్నాడు. ఆ నెల నీ మాసికానికి రాలేదు. తర్వాతి నెలా రాలేదు. ఒక్కగానొక్క అన్న... నీకు ఆయన్ని దూరం చేసింది నేనే. ఏమైనా అనుకో. నువ్వు ఒక్క పూట పని పెట్టుకుని అప్పుడే రాయించుకుని ఉంటే, మీ అన్న ఇవాళ మన గుమ్మంలో ఉండేవాడు, పిల్ల కాలేజీలో ఉండేది. నువ్వు నమ్మినవాడు మోసగాడు కూడా కాదు బావా. కొడుకున్న తండ్రి, అంతే. కాగితం ఉండి ఉంటే మంచివాడిగానే మిగిలేవాడు.

హారిక ఏ డిగ్రీలోనూ చేరలేదు. మళ్లీ రాస్తానంది. పొద్దున నాతో చేలోకి వచ్చి, ఎండెక్కాక ఇంటికెళ్లి పుస్తకం పట్టుకుంటుంది. ఈ యేడు మందుల షాపుకి ఆకులు పట్టుకెళ్లలేదు నేను. అదే తిరగేసి చూసి, ఇది తెగులు కాదమ్మా, నల్లి అని చెబుతోంది. వచ్చే ఏడు ఆ ర్యాంకు మళ్లీ వస్తుందా? ఆ రూలు అప్పటికి అలాగే ఉంటుందా? ఎవరిని అడగాలో కూడా తెలియదు.

నిన్న పాసుపుస్తకం వచ్చింది. సచివాలయంలో సంతకం పెట్టి తెచ్చుకున్నాను. నా ఫొటో ఉంది, ఏడ్చిన మొహంతో. పట్టాదారు పేరు అన్న చోట నా పేరు. విస్తీర్ణం ఎకరం ఇరవై సెంట్లు. హారిక వేలు పెట్టి ఒక్కో గడీ చదువుతూ వచ్చి ఒక చోట ఆగిపోయింది. చాలాసేపు ఆ వేలు తీయలేదు.

భర్త పేరు: లేటు సాంబశివరావు.

పన్నెండేళ్లు ఆ చేలో నువ్వు ఉన్నావు. ఆ చేను పుస్తకంలో నీ పేరు పడడం ఇదే మొదటిసారి. పట్టాదారుగా కాదు బావా... నా మొగుడిగా పడింది, అదీ లేటు అని చేర్చాక.

పుస్తకం నీ కండువాలో చుట్టి పెట్టెలో పెట్టాను. హారిక సీటు తేలేదాకా దాన్ని ఎవరి చేతికీ ఇవ్వను, ఎవరి మాట మీదా వదలను. ఇది నీకు మాటిస్తున్నాను... కావాలంటే కాగితం మీద రాసిస్తున్నాననుకో.

చేనుకి నీళ్లు పెట్టాలి, వెళ్తాను.

కోటేశ్వరి