ఎవరి బొటనవేలు

మడికొండ,
ఆగస్టు 11, ఆదివారం.

అనూషా, నా హాస్టల్ గదిలో సగమా,

ఫోన్ చేస్తే నేను రెండు మాటలు చెప్పేలోపే నువ్వు ఓదార్చడం మొదలుపెడతావు. ఓదార్పు అందుకునే ముందు నేనొక తప్పు ఒప్పుకోవాలి. అందుకే కాగితం పట్టుకున్నాను. పోస్టులో వేశాక భయం వేసినా వెనక్కి తీసుకోలేను కదా.

మా సదానందం అన్న నీకు గుర్తుండాలి. భుజాన జంపఖానా మోసుకొచ్చి, "పండుకున్నా చినగది, మీరిద్దరు కొట్లాడుకున్నా చినగది" అని మన గదిలో పరిచిపోయినవాడు. ఇప్పటికీ కొత్తవాడలో జంపఖానాలే నేస్తున్నాడు. యాభై మూడేళ్ళొచ్చాయి. రెండేళ్ళ కిందట మెడనొప్పి మొదలైంది. నొప్పి బిళ్ళలు కడుపులో మంట పెట్టాయి. సరిగ్గా అప్పుడే మా సుకన్య వదిన ఆక్యుపంక్చర్ నేర్చుకుంటోంది. ఆమె చదువు పదో తరగతి. ఆదివారాలు హన్మకొండలో తరగతికి పోయేది. నేర్పే ఆయన ఇంగ్లీషులో గబగబా చెప్పి, ఇంగ్లీషు పుస్తకాలు చేతిలో పెట్టి పంపేవాడు. ఒకరోజు ఆ సంచీ తెచ్చి నా ముందు బోర్లించింది.

"నువ్వు యూనివర్సిటీ లైబ్రరీల పనిచేస్తవు. గీండ్ల ఏమున్నదో జర తెలుగుల రాసియ్యవే రాజశ్రీ. రాసిస్తే మొత్తం నోటికి పడ్త."

రాసిచ్చాను. ఎనభై పేజీల నోటుబుక్కు. పుస్తకాలు చాలక, ఇంటర్నెట్లో ఉచితంగా దొరికే పాఠాలు, బొమ్మలు, సూది పెట్టే చోట్ల పటాలు వెతికి తెచ్చాను. అక్కడితో ఆగినా బాగుండేది. "ఇది నిజంగ పనిచేస్తదని పెద్ద చదువులోళ్ళు ఏమన్న రాసిన్రా?" అని అడిగింది వదిన. మా లైబ్రరీ నుంచి పరిశోధనా పత్రాలు దించాను. నువ్వు లెక్కలు చెప్పేదానివి, నీకు రెండు వాక్యాల్లో అర్థమవుతుంది: మెడనొప్పికి సూదులు వేసినవాళ్ళకు, ఏమీ చేయనివాళ్ళకంటే కొంత మేలు కనిపించింది. చర్మంలోకి దిగని ఉత్తుత్తి సూది పెట్టినవాళ్ళతో పోలిస్తే మాత్రం తేడా చాలా చిన్నది, కొన్నిచోట్ల లేనే లేదు. మొదటి రకం పత్రాలు ఒక ఫైలులో పెట్టి వదినకిచ్చాను. రెండో రకం ఇంకో ఫైలులో పెట్టి నా బల్ల సొరుగులో ఉంచుకున్నాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆ ఫైలు అందుకుంటున్నప్పుడు వదిన చేతులు కొంగుకు తుడుచుకుంది అనూషా. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో ఆమె ఒక కాగితాన్ని అంత భక్తిగా పట్టుకోవడం నేను చూడలేదు. ఆ చేతుల్లో రెండో ఫైలు పెట్టలేకపోయాను.

అన్నకు నొప్పి తగ్గింది కూడా. వాడకట్టులో మోకాళ్ళవాళ్ళు, నడుములవాళ్ళు వచ్చారు. వర్ధన్నపేట నుంచీ నర్సంపేట నుంచీ బస్సెక్కి వచ్చారు. వదిన అందరికీ నా నోటుబుక్కు చూపించేది, "మా ఆడబిడ్డ రాసింది" అని.

పోయిన మంగళవారం ఒక పరిశోధక విద్యార్థి కోసం ఈ విషయం మీదే పుస్తకాల జాబితా చేస్తూ, నేను అనువదించిన ఇంగ్లీషు పుస్తకం మళ్ళీ తెరిచాను. ఆరో పేజీ. సూది పెట్టే చోటును బొటనవేలి వెడల్పుతో కొలవాలి. ఎవరి బొటనవేలు? రోగిది. పక్కనే స్పష్టంగా ఉంది. నా తెలుగులో "బొటనవేలి వెడల్పు ఒక కొలత" అని మాత్రమే ఉంది. రోగి అన్న మాట రాయనే లేదు. నేసేవాళ్ళ ఇంట్లో కొలత ఎప్పుడూ కొలిచే మనిషి చేతిదే. చిన్నప్పటి నుంచి మాకు మూర అంటే నాన్న మూర, జాన అంటే అన్న జాన. నాకు అనుమానమే రాలేదు, వదినకూ రాలేదు. అగ్గిపుల్లంత సన్నగా ఉండే తన బొటనవేలితోనే రెండేళ్ళుగా అందరి ఒళ్ళూ కొలుస్తోంది.

ఇది చిన్న సంగతే అయ్యేది. కానీ మూడు నెలలుగా అన్న చేతిలోంచి పంజా జారిపోతోంది. పంజా తెలుసుగా, పోగుల్ని దగ్గరికి కొట్టే ఇనుప గోళ్ళది. అన్నం ముద్ద నోటిదాకా పోకముందే విడిపోతోంది. మగ్గం గుంటలోంచి లేచేటప్పుడు తూలుతున్నాడు. "నరాల డాక్టర్ దగ్గరికి పోదామన్నా" అంటే, "సూదులు నడుస్తానయి గదనే. నువ్వు తెచ్చిన కాయితాలల్లనే రాసున్నదాయె" అంటాడు. నా కాగితమే నాకు అడ్డం నిలబడింది.

వచ్చే ఆదివారం వెళ్ళి బొటనవేలి సంగతి చెప్పేస్తాను. రెండేళ్ళు తప్పు చోట్ల సూదులు పడ్డాయని తెలిస్తే ఆ నమ్మకం విరుగుతుంది. అప్పుడైనా దవాఖానకు వస్తాడు. వదిన ముఖం ఎలా చూడాలో మాత్రం తెలియడం లేదు.

ఏమీ పాలుపోని
నీ రాజీ


మడికొండ,
ఆగస్టు 20.

అనూషా,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. వెళ్ళాను, చెప్పాను. నాకంటే తెలివితక్కువది వరంగల్ జిల్లాలో ఇంకొకతె ఉంటే చూపించు.

నేను పోయేసరికి వదిన ముందరి గదిలో ఒకామె మోకాలికి సూదులు పెడుతోంది. ఆమె పేరు సుగుణ, వర్ధన్నపేట దగ్గరి ఊరు. సూదుల్తో కదలకుండా కూర్చునే నన్ను పలకరించింది. "నువ్వేనా సారమ్మా, చీన వైద్యం తెలుగుల రాసింది? నీ పున్నెమాని పొలంల వంగుతాన." నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆమె బస్సుకు వెళ్ళిపోయేదాకా ఆగి, అన్ననూ వదిననూ కూర్చోబెట్టి నోటుబుక్కులో ఆ పేజీ తీశాను.

చెప్పాను. తప్పు నాదేనని, వదినది కాదని మూడుసార్లు చెప్పాను. వదిన తన బొటనవేలు చూసుకుంది, తర్వాత అన్నది చూసింది.  నేను ఏడుపుకు సిద్ధంగా ఉన్నాను, తిట్లకూ సిద్ధంగా ఉన్నాను. అన్న నవ్వాడు!

"గదీ సంగతి! నేనేందో అనుకున్న. ఇన్నొద్దులు తప్పు జాగల పడ్డయన్నట్టు. అందుకే చెయ్యికి గుణమొస్తలేదు."

"అన్నా, నేను చెప్పేది అది కాదు..."

"ఏందే కాదు? తప్పు జాగల పెడితెనే మెడనొప్పి తగ్గె. ఇగ సరైన జాగల పెడితె చెయ్యి తగ్గదా? సుకన్యా, రేపటి సంది నా ఏలుతోని కొలువు. ఫికర్ లేదు."

వదిన ముఖంలోకి వెలుగొచ్చింది. నేను చూస్తుండగానే వచ్చింది.

అప్పుడు సొరుగులోని ఫైలు గురించి కూడా చెప్పాను. ఉత్తుత్తి సూదులు, చిన్న తేడా, అన్నీ.  అన్న ఓపిగ్గా విన్నాడు. "అంటే ఉత్త సూదికి గూడ గుణమొచ్చిందంటానవా? మరింకేంది? అసలు సూదికి ఇంకింత రావాలె గదా!"

దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి. నేను ఇరవై ఏళ్ళుగా పుస్తకాల మధ్య ఉన్నాను, నాకు దొరకలేదు. అబద్ధం చెప్పినప్పుడు నమ్మాడు, నిజం చెబితే ఇంకా గట్టిగా నమ్మాడు. వచ్చేటప్పుడు గడప దాటుతూ తూలి తలుపు పట్టుకున్నాడు. "బండ జారింది" అన్నాడు. బండ పొడిగా ఉంది.

ఇంటికొచ్చి మా ఆయన రమాకాంత్‌కి చెబితే, "మీ అన్నను మోసుకుపోయైనా చూపించాలి" అన్నాడు. నిజమే. యాభై మూడేళ్ళ మనిషిని ఎలా మోసుకుపోతాం? చేతులు నావి కావు, వేళ్ళు నావి కావు, ఆ నమ్మకం మాత్రం నేను చేసిపెట్టిందే. రోజూ లైబ్రరీలో కూర్చుని "చేతి బలహీనత, నడకలో తూలు" అని వెతుకుతున్నాను. మెడలో వెన్నుపాము నలిగితే ఇలాగే ఉంటుందట, ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చట. ఆ పేజీ అచ్చు తీశాను. తీసి, ఎవరికివ్వాలో తెలియక నా బ్యాగులోనే పెట్టుకు తిరుగుతున్నాను.

నీ
రాజీ


మడికొండ,
అక్టోబర్ 27.

అనూషా, నా తల్లీ,

రెండు నెలలు నీకు మెసేజుల్లో ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇప్పుడు కూర్చుని రాయగలుగుతున్నాను.

అన్నను కదిలించింది నేను కాదు, నా అచ్చుకాగితమూ కాదు. నేను తప్పు చెప్పి వచ్చిన నాలుగో రోజు వదిన ఫోన్ చేసింది. లైబ్రరీకి వచ్చి బయట నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాలేదు. మెట్ల మీదే కూర్చుంది.

"ఆయన ఏలుతోని కొలువుమంటివి గదా. రోజు రెండు చేతులు నా ఒళ్ళె పెట్టుకొని కొలుస్తాన. ఏలు కొలత ఒక్కతీర్గనే ఉన్నది రాజశ్రీ. కని కుడి బొటనేలు కింద కండ లేదు. ఎడమకున్నది. కుడికి ఇట్ల గుంట వడ్డది." తన అరచేతిలో చూపించింది. "పెండ్లైన సంది సూత్తాన ఆ చేతులు. నా ఏలుతోని కొలిసిన్నాళ్ళు ఆయన చెయ్యే సూడకపోతి."

"నేను చెప్పాను కదా వదినా డాక్టర్ దగ్గరికి పోదామని."

"నువ్వు శానా చెప్తవు. ఒకనాడు మంచిదంటవు, ఒకనాడు కాదంటవు. నీ ఏ మాట పట్టుకోవాలె?" అని కళ్ళు తుడుచుకుంది. "కండ అట్ల కాదు. ఉంటె ఉంటది, పోతె పోతది. ఇది నా సూదుల పని కాదు. లీవు పెట్టు, పోదాం."

ఆమె చెబితే అన్న వచ్చాడు. ఎమ్మారై తీశారు. మెడలో రెండుచోట్ల వెన్నుపాము నలిగింది. డాక్టరమ్మ నాకంటే చిన్నది, నెమ్మదిగా చెప్పింది. ఆపరేషన్ చేస్తే ఇంతకంటే దిగజారకుండా ఆపొచ్చు, పోయినదెంత తిరిగొస్తుందో చెప్పలేం. అన్న బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. చెయ్యనన్నాడు. మెడ కోస్తే మంచానపడ్డవాళ్ళను చూశానన్నాడు. వదిన బతిమాలింది, రమాకాంత్ బతిమాలాడు. అన్న నావైపు తిరిగాడు.

"నీ కాయితాలల్ల దీనికేమున్నదే?"

నా బ్యాగులో ఉన్నాయి. ఈసారి ఒకటే ఫైలు. మొత్తం చదివాను, ఇంగ్లీషు చదువుతూ తెలుగులో చెబుతూ. ఎంతమందికి నడక నిలబడింది, ఎంతమందికి చెయ్యి తిరిగి రాలేదు, కొద్దిమందికి ఆపరేషన్ వల్లే ఏం చెడు జరిగింది, ఆలస్యమైతే ఏమవుతుంది. ఏ వాక్యమూ దాటేయలేదు. మధ్యలో వదిన "చాలు ఆపవే" అంది. ఆపలేదు.

"నాకేమైతది మరి?" అన్నాడు.

"తెలియదన్నా. చేయించుకోమనే అంటాను. కానీ నీ చెయ్యి వస్తుందో రాదో నాకు తెలియదు."

కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. నేను మళ్ళీ చెడగొట్టానని గట్టిగా అనుకున్నాను. నా జీవితంలో ఏ సంగతిలోనూ ఒక్క మాట మీద నిలబడలేదు నేను. పెళ్ళి, ఉద్యోగం, పిల్లలొద్దనుకోవడం, అన్నిటికీ రెండు ఫైళ్ళున్నాయి నా దగ్గర. అన్న అన్నాడు, "రెండేండ్ల సంది అన్ని ఎరికున్నట్టు చెప్తివి. ఇయ్యాల్నే మా రాజీ లెక్క మాట్లాడినవ్." లేవబోయి, లేవలేక, చెయ్యి చాచాడు. "లేపు. చేసుకుంటనని చెప్పిరా పో."

ఆపరేషన్ అయి నాలుగు వారాలు దాటింది. నడక కుదురుకుంది, తూలడం లేదు. కుడిచెయ్యి ఎలా ఉండేదో అలాగే ఉంది. ఆరు నెలలు చూడమంది డాక్టరమ్మ, చూసినా రాకపోవచ్చని కూడా అంది. మగ్గం మీద సగం నేసిన జంపఖానా అలాగే ఉంది, వదిన దానిమీద దుప్పటి కప్పింది. సుగుణమ్మ వచ్చి వెళ్ళింది. వదిన ఆమెకు సూదులు వేసేముందు కాళ్ళూ చేతులూ రెండూ ఒత్తి చూసి, తిమ్మిరి ఉందా, బలం తగ్గిందా అని అడుగుతోందట. నా నోటుబుక్కు పెట్టెలో పెట్టేసిందో, ఇంకా చూస్తోందో అడిగే ధైర్యం నాకు లేదు.

నిన్న వెళ్ళాను. అన్న మెడకు పట్టీతో, చొక్కా వేసుకుని గుండీలతో కుస్తీ పడుతున్నాడు. వదిన వాకిట్లో నిలబడి చూస్తోంది, దగ్గరికి పోవడం లేదు. నన్నూ పోనివ్వలేదు. నా ఎడమచేతి గడియారంలో ఆరు నిమిషాలు. చివరికి పై గుండీ పట్టింది. ఒక కాజా కిందికి పెట్టాడు. చొక్కా ఒక పక్కకు లేచి నిలబడింది.

"తప్పు వడ్డది, ఆగు" అని వదిన ముందుకు పోయింది.

"ముట్టకు" అన్నాడు అన్న. "పెట్టింది నేనే."

అలాగే, ఆ వంకర చొక్కాతోనే, చాయ్ తాగడానికి గల్లీ చివరికి పోయాడు. మేమిద్దరం వెనక నిలబడి, తూలుతాడేమోనని చూస్తూ ఉండిపోయాం.

నీ
రాజశ్రీ