పెద్దోడు పంచాల, చిన్నోడు కోరుకోవాల

జూన్ 11, బుధవారం. మదనపల్లె

మొత్తానికి ఒక కంపెనీ దొరికింది. ఎన్ని గుమ్మాలు తొక్కానో! పీహెచ్‌డీ రీసెర్చ్ అనగానే ఇన్‌కం టాక్స్ దాన్ననుకుని మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేసినవాళ్లే ఎక్కువ.

వీళ్లు టమాటా గ్రేడింగ్ మిషన్లు తయారుచేస్తారు. పైనుంచి కాయలు పోస్తే చిన్నవి, నడిమివి, పెద్దవి వేరువేరుగా దొర్లి వస్తాయి. ఆఫీసు మదనపల్లెలో, ఫ్యాక్టరీ పుంగనూరులో, కొత్త మిషన్ల ప్రయోగాలు చేసే షెడ్డు కుప్పంలో. యజమానులు అన్నదమ్ములు. అన్న లక్ష్మీపతి ఆఫీసూ ఫ్యాక్టరీ చూస్తాడు, తమ్ముడు గణేష్ షెడ్డులో ఉంటాడు. ఏడాదిగా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురెదురుగా కూర్చున్నా సరే, మేనేజరు కుసుమ చేత చెప్పించుకుంటారట.

నా టాపిక్ కుటుంబ కంపెనీల్లో నెగోషియేషన్, ఇన్నోవేషన్. వెతకబోయిన తీగ కాలికి తగిలింది. ఒకరి ఇంటి గొడవకు ఇలా సంతోషపడకూడదు. పడ్డాను.

గైడు రామమూర్తి సార్ షరతు ఒక్కటే. చూడు, విను, రాసుకో, వేలు మాత్రం పెట్టకు అన్నారు. నా నోరు సంగతి ఆయనకు తెలుసు.

జూన్ 14, శనివారం

లక్ష్మీపతిని ఇంటర్వ్యూ చేశాను. రాయితో మాట్లాడినా ఇంతకంటే నాలుగు మాటలు ఎక్కువ రాలేవేమో! డీలర్లు ఎలా ఉన్నారంటే బాగుండారు. సేల్స్ ఎలా ఉన్నాయంటే అట్లట్ల ఉండాది. మాట్లాడినంతసేపూ టేబుల్ మీద స్టేప్లర్ విప్పుతున్నాడు, బిగిస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది.

తర్వాత మార్కెట్ యార్డుకు తీసుకెళ్లాడు. అక్కడ ఒక మండీలో వీళ్ల మిషన్ నిలిచిపోయి ఉంది. కాయలు క్రేట్లలో ఎదురుచూస్తున్నాయి, రైతులు అరుస్తున్నారు. మెకానిక్ వస్తాండాడు, దోవలో ఉండాడు అని కుసుమ చెబుతూనే ఉంది. ఈయన తెల్లచొక్కా చేతులు మడిచి నేల మీద పడుకుని మిషన్ కిందికి దూరాడు. లోపలి నుంచి సన్నగా కూనిరాగం వినిపించింది. నేనే తప్పు విన్నానేమో అనుకున్నాను. లేదు, పాడుతున్నాడు! మిషన్ తిరిగింది. ఆయన బయటికొచ్చి చేతులు తుడుచుకుని, మళ్లీ ఆ రాయి మొహమే పెట్టుకున్నాడు.

జూన్ 19, గురువారం. కుప్పం

పలమనేరులో బస్సు మారి వచ్చేసరికి నడుం పట్టేసింది. కానీ ఈ షెడ్డు చూశాక నడుం గిడుం మర్చిపోయాను.

మధ్యలో సగం కట్టిన కొత్త మిషన్. కెమెరా కాయ రంగు చూస్తుంది. ఏది నేడు అమ్మాలో, ఏది రెండు రోజులు ఆగుతుందో, ఏది దూరం ప్రయాణం తట్టుకుంటుందో చూసి దేని దోవలో దాన్ని పంపిస్తుంది. గణేష్ స్విచ్ వేశాడు. కాయలు బారులు తీరి, ఎవరో పిలిచినట్టు ఎటువి అటు తిరిగిపోయాయి. నేను అబ్బా అని పైకే అన్నాను. అబ్జర్వర్ అలా అనకూడదు.

ఒక్కటే చిక్కు. చివర కింద పడేచోట కాయకు దెబ్బ తగులుతోంది. మర్నాటికి మచ్చ. యాడ తప్పు జరుగుతాందో తెలీలేదు మేడమ్ అన్నాడు గణేష్. తిండి కూడా మానేసినట్టున్నాడు, మనిషి చిక్కిపోయాడు. దీని మీద ఖర్చు ఆపమని అన్న అన్నాడట. ఆపేది లేదని ఈయన అన్నాడట. మాట తెగింది అక్కడే.

గోడకు చెక్క రోలర్లు కొన్ని తగిలించి ఉన్నాయి. ఎవరివంటే, మా అన్న చేతిపని, మా మొట్టమొదటి మిషనువి అన్నాడు. రాసుకుని తర్వాతి ప్రశ్నకు వెళ్లాను.

జూన్ 20

ఇంటర్వ్యూలు టైపు చేసి చేసి వేళ్లు పడిపోయాయి, ఇవాళ్టికి ఇంతే.

జూన్ 27, శుక్రవారం. పుంగనూరు

విడిపోతున్నారు. కుసుమ ఫోన్ చేసి ఏడ్చింది. షెడ్డు మూతపడితే కొత్త మిషన్ గతి ఏమిటి, ఈ ఇద్దరూ చచ్చేదాకా మొహాలు చూసుకోరా అని. ఆ ప్రశ్నలు నావి కూడా. థీసిస్ కోసమే అని నాకు నేను చెప్పుకుంటున్నాను.

పంపకం చేయడానికి గుడుపల్లె నుంచి వాళ్ల మేనమామ గంగప్ప వచ్చాడు. ఆడిటరు తెచ్చిన వాల్యుయేషన్ ఫైలు చూసి, దాన్ని జాగర్తగా ఎత్తి పెట్టుకోప్పా, మాకొద్దు అన్నాడు. వాళ్ల ఇంట్లో భూములైనా బావులైనా ఒకటే పద్ధతట. పెద్దోడు పంచాల, చిన్నోడు కోరుకోవాల. మిగిలింది పెద్దోడిది. ఇంగ వకీలు యాల, తకరారు యాల, కొట్లాటకు చోటే లేదు అన్నాడు.

ఆషాఢంలో ఏమిటిదని ఎవరో అన్నారు. పెండ్లి చేస్తాండామా ఏంది, ఇడిపోయేదానికి ఆషాఢమే మేలు అని కసిరాడు.

మా పుస్తకాల్లోనూ ఉంది ఇది. డివైడ్ అండ్ చూజ్. మిగిలేది తనకే కాబట్టి పంచేవాడు సమానంగా పంచి తీరతాడు. లక్ష్మీపతి కూడా సమానంగానే పంచుతాడని హైపోథిసిస్ రాసి సార్‌కు మెయిల్ కొట్టాను.

జూలై 6, ఆదివారం. పుంగనూరు

నా హైపోథిసిస్ గంగలో కలిసింది.

ఫ్యాక్టరీ ఆవరణలో అందరి ముందూ లక్ష్మీపతి రెండు భాగాలు చెప్పాడు. ఒక భాగం ఫ్యాక్టరీ, ఆఫీసు, డీలర్లు, కంపెనీ పేరు. రెండో భాగం కుప్పం షెడ్డు, అందులో పనిచేసేవాళ్లు, సగం కట్టిన మిషన్. అంతే! ఆడిటరుకు పొలమారింది. ఏనుగునూ ఎలుకనూ పక్కపక్కన నిలబెట్టి, నీకేది కావాలో కోరుకోమన్నట్టుంది.

నాకు ఒక్క నిమిషంలో అర్థమైంది. తమ్ముడికి షెడ్డంటే ప్రాణం. దాన్ని విడిచి ఉండలేడు, దాన్నే కోరుకుంటాడు. అప్పుడు తక్కినదంతా అన్నదే. పద్ధతి తప్పలేదు, మాట తప్పలేదు, తమ్ముడి గొంతు మాత్రం తెగింది. ఎంత జాణతనం! ఆ రాయి మొహం వెనక ఇదా ఉన్నది?

గణేష్ తలెత్తలేదు. కోరుకోవడానికి వారం గడువిచ్చాడు గంగప్ప.

జూలై 9, బుధవారం. కుప్పం

వేలు పెట్టాను. సార్‌కు తెలిస్తే చంపేస్తారు.

తెల్లవారుజాము బస్సుకే వచ్చి గణేష్‌కు అంతా చెప్పేశాను. మీ అన్న మీ మనసును అడ్డం పెట్టుకుని మిమ్మల్ని ముంచుతున్నాడు, ఫ్యాక్టరీ కోరుకోండి, షెడ్డు మళ్లీ ఎక్కడైనా కట్టుకోవచ్చు అన్నాను. ఆయన నవ్వాడు. మా అన్న పంపకం నీకు అర్థం కాలేదు మేడమ్, నేను యాడ సంతోషంగా ఉంటానో అది తీసి పక్కన పెట్టినాడు, ఇది నువ్వు తీసుకోరా అని నా ఎదురుగా నోరు తెరిచి చెప్పలేక అట్ల పంచినాడు అన్నాడు. మరి ఫ్యాక్టరీ ఆయనకే మిగులుతుంది కదా అన్నాను. ఆ కుర్చీ అంటే మా అన్నకు ఎంత ప్రేమో నీకేం తెలుసు అని మళ్లీ నవ్వాడు. ఈసారి ఆ నవ్వు బాగాలేదు.

తర్వాత, అన్న ఎట్లుండాడు అని అడిగాడు. నాకేం తోచక మార్కెట్ యార్డు సంగతి చెప్పాను. మిషన్ కిందికి దూరడం, కూనిరాగం తీయడం.

పాడినాడా? అన్నాడు. పాడాడు అన్నాను. మల్లా సెప్పు, నువ్వే విన్నావా? అన్నాడు. నేనే విన్నాను అన్నాను. ఆయన వెళ్లి గోడ మీది చెక్క రోలర్‌ను అరచేత్తో తిప్పుతూ నిలబడ్డాడు. నాన్న పోయినంక మా అన్న పాడలేదు మేడమ్, నన్ను చదివించాల, ఇల్లు నడపాల అని ఈడి నుంచి లేచి ఆఫీసుకు పోయినాడు గదా, ఆ పొద్దు నుంచి పాడలేదు అన్నాడు.

టీ కూడా తాగకుండా వచ్చేశాను.

జూలై 13, ఆదివారం. పుంగనూరు

వరసగా రాస్తాను.

కోరుకునేటప్పుడు పంచినవాడు ఎదురుగా ఉండకూడదట, చూపుతో బెదిరిస్తాడని. లక్ష్మీపతి గేటు బయట క్రేట్ల మీద అటు తిరిగి కూర్చున్నాడు. గంగప్ప అడిగాడు. గణేష్ లేచి, నాకు ఫ్యాక్టరీ భాగం కావాల అన్నాడు.

కుసుమ చేతిలో గ్లాసు జారిపోయింది. నేను చెప్పినందుకా? ఛీ, నా నోరు పడిపోనూ, అన్నదమ్ములను విరిచేశానే అని నన్ను నేనే తిట్టుకున్నాను.

గంగప్ప రారా అని కేకేశాడు. లక్ష్మీపతి లోపలికొచ్చాడు. జేబులోంచి షెడ్డు తాళంచెవి తీసి, తమ్ముడి మొహం చూడకుండా చెయ్యి చాపాడు. తన దగ్గరున్న రెండో చెవి అది, ఇచ్చేద్దామని తెచ్చుకున్నాడు. గణేష్ తీసుకోలేదు. నీ కాడే పెట్టుకోరా నాయనా, అది నీ పాలికి వచ్చింది అన్నాడు గంగప్ప.

ఆయనకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత మండిపడ్డాడు. తమ్ముడి మీద కాదు, కుసుమ మీద! వానికి పిచ్చి పట్టిందేమో అడుగమ్మా, ఆ మిషను లేకపోతే వాడు బతకతాడా అడుగు అన్నాడు. గణేష్ కూడా కుసుమకే చెప్పాడు. మిషను పూర్తి కావాల, నా చేత కాలేదు, ఆయన చేతనవుతాది, నన్ను ఆడుకోనిచ్చేదానికి ఇన్నేండ్లు ఆయన కుర్చీలో కూసున్నాడు, ఇంగ నేను కూసుంటా అని చెప్పక్కా అన్నాడు. రెండు అడుగుల దూరంలో నిలబడి! కుసుమ ఏడుస్తూ ఇటువి అటు, అటువి ఇటు చెప్పింది.

లక్ష్మీపతి నేల మీదే కూలబడి తాళంచెవిని చూసుకున్నాడు. ఎంతసేపు చూశాడో. ఇన్నాళ్లూ బేరమంటే ఎవడికి ఎంత అని చదివాను. ఇద్దరు మనుషులు మాటల్లేకుండా, కోపం తగ్గకుండా, ఎదుటివాడికి ఏం కావాలో దాని గురించే పోట్లాడుకోవడం ఈ రోజు కళ్లారా చూశాను. దేవుడా, ఇలాంటివాళ్లు కూడా ఉంటారా!

మరి నేను చెప్పిన కూనిరాగం లేకపోతే?

జూలై 14

సార్‌కు అంతా చెప్పాను, తిట్టలేదు, ఆ కూనిరాగం ముక్క మళ్లీ ఒకసారి చెప్పించుకుని పెట్టేశారు.

ఆగస్టు 22, శుక్రవారం

పొద్దున్నే లక్ష్మీపతి ఫోన్. వెనకాల మిషన్ చప్పుడు. కాయకు దెబ్బ లేదమ్మా, నిన్నటి కాయలు సూసినా, ఒక్క మచ్చ లేదు, కుసుమ లీవులో ఉండాది, మా తమ్మునికి నువ్వు సెప్పు అన్నాడు.

నేను అబ్జర్వర్‌ని సార్, వేలు పెట్టకూడదు, మీరే చెప్పుకోండి అని పెట్టేశాను.

మధ్యాహ్నం గణేష్ ఫోన్ చేశాడు. అన్న ఫోన్ చేసినాడు మేడమ్ అన్నాడు. ఏమన్నారని అడిగాను.

ఏమీ అనలేదట. పాడాడట.